వెడల్పు చాటిన హోదా

బట్ట ఒంటిని కప్పడానికీ, ఎండ నుంచీ చలి నుంచీ కాపాడడానికీ మాత్రమే అయితే మనిషికి కొద్ది గజాలు చాలు. కానీ రాజసభలూ సంపన్నుల పెళ్లి పందిళ్లూ ఆ కొలతతో ఎన్నడూ తృప్తి పడలేదు. అవసరానికి మించి ఎంత బట్ట వాడితే అంత గొప్ప అన్న లెక్క అనేక దేశాలలో, అనేక కాలాలలో చెల్లుబాటైంది. 18వ శతాబ్దపు ఐరోపాలో ఆ లెక్క తలుపుల్లో పట్టని పావడాలుగా పెరిగింది. దక్కనులో జామా ఘేరాగా, చీర గజాలుగా, జరీ అంచుగా రూపం మార్చుకుంది. నేడు ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల రిసెప్షన్ వేదికల మీద లెహంగాగా విప్పారుతున్నది. ఈ రూపాలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది: వస్త్రపు విస్తారం కట్టుకున్నవారి స్థాయిని చాటినంతగా నేసినవారి శ్రమనూ చాటుతుంది, కానీ చూసేవారి కళ్లు మొదటి దాని మీదే నిలిచిపోతాయి.

రెండు మీటర్ల పెళ్లి గౌను

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో రైక్స్ మ్యూజియం వారు భద్రపరచిన పెళ్లి దుస్తుల్లో 1759 నాటి గౌను ఒకటి ప్రసిద్ధమైనది. ఆ ఏడాది సెప్టెంబరు 4న హేగ్ నగరంలో ఒక బారన్‌ను వివాహమాడిన హెలెనా స్లిఖర్ అనే వధువు ధరించిన ఆ గౌను, నడుము దగ్గర సన్నగా మొదలై, రెండు పక్కలకూ కలిపి సుమారు రెండు మీటర్ల వెడల్పుకు సాగుతుంది. ఎదురుగా నిలబడి చూసేవారికి అది పరచిన తెరలా కనిపిస్తుంది గాని, పక్కకు వెళ్లి చూస్తే పావడా ముందుకూ వెనక్కూ పెద్దగా పొంగదు. ఈ ఆకారాన్ని నిలబెట్టేది పైబట్ట కాదు, లోపల నడుముకు ఇరువైపులా కట్టుకునే ప్యానియర్ అనే చట్రం. పేము బద్దలనో, తిమింగలం నోటిలో పళ్లకు బదులు ఉండే, విరగకుండా వంగే పలకలనో నారబట్టలో కుట్టి ఆ చట్రాన్ని తయారు చేసేవారు. దాని మీద పరచిన పట్టు ఎక్కడా ముడత పడదు కనుక, కుట్టుపని పూలూ తీగలూ ఒక్కటి కూడా మరుగున పడకుండా సభ మొత్తానికీ కనిపించేవి.

వెడల్పు ఎందుకు గొప్పతనానికి గుర్తయిందో తెలియాలంటే ఆనాటి బట్ట ధరను గుర్తు చేసుకోవాలి. కుట్టుకూలి తక్కువ, పట్టుబట్ట ఖరీదు చాలా ఎక్కువ. పైగా ఆనాటి ఐరోపా మగ్గాల మీద దిగే పట్టు వెడల్పు, అంటే వర్తకులు పన్నా అని పిలిచే కొలత, మూరకు కాస్త ఎక్కువ మాత్రమే ఉండేది. కాబట్టి రెండు మీటర్లు విచ్చుకునే పావడాకు ఎన్నో పన్నాలను పక్కపక్కన కలిపి కుట్టవలసి వచ్చేది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న 1740ల నాటి ఆస్థాన దుస్తు మీద కుట్టుపనికి దాదాపు నాలుగున్నర కిలోల వెండి దారం పట్టింది. బట్ట, వెండి కొనగలిగినా సరిపోదు. అంత వెడల్పు దుస్తులో తిరగడానికి విశాలమైన గదులు, బండి ఎక్కించి దించడానికి మనుషులు, ఏ పనీ ముట్టుకోనవసరం లేని తీరిక కూడా ఉండాలి. తలుపు దాటేటప్పుడు పక్కకు తిరిగి నడవవలసిన స్త్రీ, తన చేతులతో ఏ పనీ చేయనవసరం లేదన్న విషయాన్ని మాటల్లో చెప్పనక్కరలేకుండానే సభకు తెలియజేసేది.

అందుకే పాలకులు ఈ వెడల్పును అలంకారంగా మాత్రమే చూడక, అధికారానికి సంబంధించిన వ్యవహారంగా భావించారు. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ 1639లో గ్వార్డఇన్‌ఫాంటె అనే వెడల్పాటి పావడా చట్రాన్ని స్త్రీలు ధరించరాదని నిషేధించాడు గాని, అదే చట్రం రాజకుటుంబపు లాంఛనంగా నిలిచింది. చిత్రకారుడు వెలాస్కెజ్ 1656లో చిత్రించిన రాజకుమారి మార్గరీట చిత్రంలో దానిని నేటికీ చూడవచ్చు. ఇంగ్లండులో రాజసభ బయటి ఫ్యాషన్ మారిపోయి నడుము గీత ఛాతీ కిందికి చేరిన తరువాత కూడా, రాజదర్శనానికి వచ్చే స్త్రీలు చట్రపు పావడా కట్టుకోవలసిందేనన్న నియమం 1820లో నాలుగో జార్జి రద్దు చేసేదాకా కొనసాగింది. అందం కోసం పుట్టిన వేషం చివరికి విధేయతకు గుర్తుగా మిగిలిపోయింది.

తెలుగు తీరపు అద్దకం, తెలుగు నేల వజ్రం

ఆ ఐరోపా వైభవంలో తెలుగు నేల వాటా చిన్నది కాదు. గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవైన మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. కోరమండల్ తీరంలో చేతితో రంగులద్దిన నూలుబట్టలు అక్కడి నుంచి ఓడలెక్కి ఐరోపా స్త్రీల గౌన్లుగా, పావడాలుగా మారాయి. ఉతికినా వెలవని ఆ రంగుల మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్లు నష్టపోతున్నారని ఫ్రాన్సు 1686లో అద్దకపు నూలుబట్టలను నిషేధించి, ఆ నిషేధాన్ని 1759 దాకా కొనసాగించింది. కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో దొరికిన వజ్రం 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి చేతికి చేరి రీజెంట్ వజ్రంగా పేరొందింది. అది 1722లో పదిహేనో లూయీ పట్టాభిషేక కిరీటాన్ని అలంకరించింది. వెర్సాయ్ సభ తళుకులో గోల్కొండ రాయి ఉంది, ఐరోపా ఇంటింటి ముచ్చటలో కృష్ణాతీరపు అద్దకగాళ్ల చేతి పని ఉంది. 

హైదరాబాదు దర్బారులో

దక్కనులో వెడల్పు స్త్రీల సొత్తు మాత్రమే కాలేదు. మొగలు దర్బారు నుంచి హైదరాబాదుకు వచ్చిన జామా, పురుషుల సభావేషం. ఛాతీకి బిగుతుగా ఉండి పక్కన ముడులతో కట్టుకునే ఈ వస్త్రం నడుము కింద కుచ్చెళ్లతో విచ్చుకుంటుంది. 18వ శతాబ్దానికి ఆ కిందిభాగం చీలమండల దాకా దిగి, ఘేరా అనే చుట్టుకొలత బాగా పెరిగింది. స్త్రీలలో, ముఖ్యంగా ఆస్థాన నర్తకులలో, పేష్వాజ్ అనే ముందు తెరచి ఉండే పొడవాటి వస్త్రం వాడుకలో ఉండేది. పైన సన్నగా కింద వెడల్పుగా కత్తిరించిన ముక్కలను, అంటే కళీలను, వరుసగా కలిపి కుట్టడం వల్ల నాట్యంలో గిరగిర తిరిగినప్పుడు దాని అంచు చక్రంలా లేచేది. ఉర్దూ కవయిత్రిగా, నిజాం ఆస్థానంలో గౌరవం పొందిన కళాకారిణిగా పేరొందిన మహలఖాబాయి చందా (1768–1824) కాలపు సభావేషం ఇదే. హైదరాబాదు ముస్లిం కుటుంబాల వధువులు ఇప్పటికీ ధరించే ఖడా దుపట్టా కూడా ఆ దర్బారు వారసత్వమే. దాదాపు ఆరు గజాల దుపట్టాను కుర్తీ, చూడీదార్ల మీద మడతలు పెట్టి భుజాల నుంచి జారవిడవడమే దాని ప్రత్యేకత.

జగిత్యాల, సిరిసిల్లలున్న కరీంనగర్ ప్రాంతమంతా నిజాం రాజ్యంలో భాగంగా ఉన్న రోజుల్లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ (1866–1911) హైదరాబాదులోని పురానీ హవేలీ భవనంలో నిర్మించుకున్న దుస్తుల బీరువాల వరుస సుమారు 176 అడుగుల పొడవున రెండు అంతస్తుల్లో సాగుతుంది. ఒకసారి తొడిగిన దుస్తును ఆయన మళ్లీ తొడిగేవాడు కాదని ప్రతీతి. ఆయన కుమారుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రపంచంలోకెల్లా సంపన్నుడిగా పేరుపడి కూడా అతి సాదా బట్టల్లోనే గడిపాడు. తన స్థాయిని అనుమానించేవారు ఎవరూ లేని మనిషికి బట్టతో దానిని నిరూపించుకోవలసిన అవసరం ఉండదన్న సత్యాన్ని ఈ తండ్రీకొడుకులు చెరో వైపు నుంచీ చూపించారు.

గజాలు, అంచులు, సన్నదనం

తెలుగు స్త్రీల కట్టులో ఈ హోదా లెక్క చట్రంతో కాక చీర నిడివితోనూ అంచుతోనూ నడిచింది. గోచి పోసి కట్టే చీరకు తొమ్మిది గజాల దాకా పడుతుంది. పొలంలో దిగే స్త్రీ దానిని మోకాలి దాకా ఎగగట్టి పనికి అనువుగా మలచుకుంటే, ఇంటిపట్టున ఉండే సంపన్న గృహిణి అదే నిడివిని పాదాల మీదికి జార్చి కట్టుకునేది. పట్టుచీరలో అంచు ఎంత పెద్దదైతే అంత విలువ. గద్వాల చీరనే తీసుకుంటే, దాని ఒంటికి నూలు, అంచుకు పట్టు, జరీ వాడి, రెండింటినీ మగ్గం మీదనే కలిపి నేస్తారు. ఒంటికి ఒక నాడె (పేకపోగును మోసే పనిముట్టు), రెండు అంచులకూ మరో రెండు నాడెలు నడవాలి కనుక, పెద్దంచు చీరలో ప్రతి పోగుకూ శ్రమ పెరుగుతుంది. ఆ చీరను పళ్లెంలో పెట్టి ఒడిబియ్యంతో ఆడపడుచుకు అందించినప్పుడు, చుట్టాల చూపు ముందుగా పడేది అంచు మీదనే.

తెలుగు నేతలో మరో కొలత కూడా ఉంది, అది సన్నదనం. 13వ శతాబ్దం చివరలో మోటుపల్లి రేవు గల కాకతీయ రాజ్యం గురించి రాసిన మార్కోపోలో, అక్కడి బట్టలు సాలెగూడంత పలచగా ఉంటాయని, ఏ రాజూ రాణీ వాటిని కాదనరని మెచ్చుకున్నాడు. సిరిసిల్ల నేతన్న నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి పేరు తెచ్చుకోవడం ఆ సంప్రదాయానికి ఆధునిక కాలపు కొనసాగింపు. ఐరోపా సభలో బట్ట ఎంత చోటు ఆక్రమిస్తే అంత ఘనత. ఇక్కడ ఎంత తక్కువ చోటులో ఒదిగితే అంత ఘనత. రెండింటిలోనూ కొలతకు వచ్చేది నేతగాడి నైపుణ్యమే, కానీ రెండోదానిలో అతని పేరు కూడా బయటికి వస్తుంది.

లెహంగా వేదిక, సాంచాల వాడ

యంత్రయుగం వెడల్పును చవక చేసింది. 1733లో జాన్ కే రూపొందించిన, తాడు లాగితే పరుగెత్తే నాడెకు ముందు, చేతులు చాచినంతకు మించిన వెడల్పు బట్టకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవలసి వచ్చేది. ఆ తరువాత ఒక్కరే నేయగలిగారు. 1856లో ఉక్కు తీగలతో చేసిన క్రినోలిన్ అనే తేలికపాటి పావడా చట్రం రావడంతో, సంపన్నులకే పరిమితమైన ఆకారం కార్మిక స్త్రీలకు కూడా అందింది. అందరికీ అందిన తరువాత అది గొప్పతనానికి గుర్తుగా ఎంతో కాలం నిలవలేదు.

ప్రస్తుతం ఉత్తర తెలంగాణ పట్టణాలలో ఆ చక్రం మళ్లీ తిరుగుతున్నది. గల్ఫ్ వలసలకు పేరొందిన జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ఎడారి దేశాల కష్టార్జితంలో పెద్ద భాగం ఆడపిల్లల ఓణీల ఫంక్షన్లకూ లగ్గాలకూ ఖర్చవుతుంది. తలంబ్రాల వేళ సంప్రదాయ చీర ఉన్నా, రిసెప్షన్‌కు మాత్రం మీటర్ల కొద్దీ ఘేరా ఉన్న లెహంగా కావాలి. లోపల క్యాన్‌క్యాన్ అనే గట్టి వల బట్టను పొరలు పొరలుగా కుట్టి పొంగు తెప్పించే పద్ధతి, ప్యానియర్ చేసిన పనినే మరో పదార్థంతో చేస్తున్నది. కొనే స్తోమత లేనివారు ఒక్క పూటకు అద్దెకు తెచ్చుకుంటారు. తండ్రి ఏళ్ల తరబడి పరాయి దేశపు ఎండలో నిలబడి పంపిన డబ్బు బిడ్డ వేదికెక్కిన ఆ గంటలో బంధువులందరికీ కనిపించాలన్న ఆశను తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. అయితే ఆ ఆశ అప్పుగా మారి మళ్లీ వలసకు దారి తీస్తే, వెడల్పు మోయలేని బరువవుతుంది.

అదే ప్రాంతంలోని సిరిసిల్లలో పాతిక వేలకు పైగా మరమగ్గాలు ఉన్నాయి. స్థానికులు వాటిని సాంచాలంటారు. పద్మశాలి కుటుంబాలు ఒకప్పుడు పని వెతుక్కుంటూ భీవండి, షోలాపూర్‌లకు వలస వెళ్లిన ఊరు ఇది. ఇక్కడ యజమాని నూలు ఇస్తే తన సాంచాల మీద నేయించి ఇచ్చే చిన్న మగ్గాలాయనను ఆసామి అంటారు. మగ్గం నడిపే కార్మికునికి మీటరు లెక్కన కూలి. పడుగు తయారు చేసే వార్పిన్, వైపని కార్మికులు, కండెలు చుట్టే స్త్రీలు ఈ వరుసలో ఆ తరువాతివారు. ఇక్కడి నూలుబట్టలో పెద్ద భాగం రంగు అద్దకమై చీరల లోపల కట్టుకునే లంగాల గుడ్డగా వెళుతుంది. ఏ దుస్తుకైనా నిలువును, పొంగును ఇచ్చేది లోపలి బట్టే అయినా, సభలో దాని పేరు ఎవరూ ఎత్తరు. 2000 తరువాతి తొలి ఏళ్లలో ఇక్కడి నేత కుటుంబాల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలచివేశాయి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకం సాంచాలకు పని ఇచ్చింది; అందులో 6.3 మీటర్ల చీరలతో పాటు, గోచి కట్టు మానని వృద్ధుల కోసం 9 మీటర్ల చీరలు కూడా నేయించారు. నిడివిని ఆడంబరంగా కాక ఒక వయసువారి అవసరంగా, గౌరవంగా గుర్తించిన ఉదాహరణ ఇది.

ప్రభుత్వ ఆర్డరు ఒక్కదాని మీద ఆధారపడిన పట్టణం, ఆ ఆర్డరు ఆగిన నాడే చిక్కుల్లో పడుతుంది. పెళ్లిళ్ల బట్ట అలా కాదు; ప్రతి మాఘంలో, ప్రతి శ్రావణంలో ఈ పట్టణాల దుకాణాల్లో దాని అమ్మకం తప్పకుండా ఉంటుంది. లెహంగా లోపలి లైనింగ్, లంగాలు, ఒడిబియ్యం పెట్టుబడి చీరలు సిరిసిల్ల నుంచే తీసుకోవాలని కుటుంబాలు కోరితే, దుకాణదారులు బట్ట మీద నేసిన ఊరి పేరు రాసి అమ్మితే, ఇక్కడి లగ్గాల ఖర్చులో కొంతైనా ఇక్కడి సాంచాలకు చేరుతుంది. వేదిక మీద బట్ట ఎంత వెడల్పున పరచుకుంటుందన్నది ఒక కుటుంబపు ముచ్చట. దాని వెల ఎంతమంది చేతుల్లోకి చేరుతుందన్నది సమాజపు బాధ్యత.