నూరేళ్ల ఏయూ... ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెబుతారు?

ఇంటర్వ్యూ బోర్డులో ఒకరు మీ సర్టిఫికెట్లు తిరగేస్తూ ‘ఆంధ్రా యూనివర్సిటీయా... దాని గురించి నాలుగు మాటలు చెప్పండి’ అన్నారనుకోండి. చాలామంది ‘చాలా ప్రతిష్ఠాత్మకమైన విశ్వవిద్యాలయం సార్’ అని ఆగిపోతారు. ఆ మాట ఏ యూనివర్సిటీకైనా అతుకుతుంది. అందుకే దానికి మార్కులు పడవు. 1926 ఏప్రిల్‌ 26న పుట్టిన ఏయూకి 2026 ఏప్రిల్‌ 26తో నూరేళ్లు. చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదు, చెప్పాల్సిన సరుకూ బోలెడుంది.

‘నేను ఏయూ కాదు కదా’ అని పేజీ తిప్పేయకండి. గుంటూరులో ఏయూ పీజీ కేంద్రంగా మొదలైనదే 1976లో నాగార్జున యూనివర్సిటీ అయింది. రాజమహేంద్రవరంలో నన్నయ, శ్రీకాకుళంలో అంబేడ్కర్‌ వర్సిటీలు వచ్చేదాకా ఆ జిల్లాల డిగ్రీ పట్టాల మీద ఉన్నది ఏయూ పేరే. 1943లో ఉత్కల్‌ యూనివర్సిటీ ఏర్పడక ముందు దక్షిణ ఒడిశా కాలేజీలూ దీని గొడుగు కిందే ఉండేవి. మీరు కాకపోతే మీ మేష్టారో, మీ అమ్మో నాన్నో అక్కడి పట్టా అందుకునే ఉంటారు.

గ్రూప్స్‌ రాసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. అంతకుముందు మనవాళ్ల చదువులన్నీ మద్రాసు యూనివర్సిటీ కిందే. మనకంటూ ఒక వర్సిటీ కావాలన్నది ఆంధ్రోద్యమంలో భాగంగా వచ్చిన డిమాండు. మద్రాసు శాసనసభ చట్టం చేశాక మొదట బెజవాడలో ఆఫీసు తెరిచారు. ఎక్కడ పెట్టాలన్న దానిపై బెజవాడ, రాజమండ్రి, విశాఖ, అనంతపురం మధ్య పెద్ద లాగులాటే జరిగింది. చివరికి 1930లో వాల్తేరు కొండమీదికి చేరింది. సీమ కాలేజీలు మాత్రం మద్రాసు వర్సిటీతోనే ఉండిపోయాయి. ఆ అసంతృప్తి ఎంత దూరం వెళ్లిందంటే, 1937 శ్రీబాగ్‌ ఒడంబడికలో అనంతపురంలోనూ యూనివర్సిటీ కేంద్రం ఉండాలని ప్రత్యేకంగా రాసుకున్నారు. శ్రీబాగ్‌ అంటే రాజధాని, హైకోర్టు, నీళ్లు అని బట్టీ పట్టేస్తాం గానీ, అందులో చదువుల గొడవ కూడా ఉందని చాలామందికి తట్టదు.

తొలి వైస్‌ ఛాన్సలర్‌ కట్టమంచి రామలింగారెడ్డి. ప్రభుత్వ అణచివేతకు నిరసనగా 1930లో పదవికి రాజీనామా చేశారాయన. 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా కొనసాగారు. మధ్యలో 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌. రాధాకృష్ణన్‌ కాలం గురించి చెప్పేటప్పుడు ఆయన తర్వాత రాష్ట్రపతి అయ్యారన్న దగ్గరే ఆగిపోకండి. ఆయన ఎవరెవరిని తీసుకొచ్చారన్నదే అసలు విషయం. ఫిజిక్స్‌లో సూరి భగవంతం, కెమిస్ట్రీలో టి.ఆర్‌. శేషాద్రి, ఇంకా హుమాయూన్‌ కబీర్, హీరేన్‌ ముఖర్జీ. అప్పటికి వీళ్లంతా కుర్రాళ్లే. వీళ్లు పాఠాలు చెప్పిన సైన్స్‌ కాలేజీకి జయపురం మహారాజా విక్రమదేవ్‌ ఏటా లక్ష రూపాయలిచ్చారు. కాలేజీకి ఆయన పేరు పెట్టారు. 1933లో రవీంద్రనాథ్‌ ఠాగూర్‌ వచ్చి ఉపన్యాసాలిచ్చారు.

శేషాద్రి బృందం వాల్తేరులో చేసిన పనుల్లో ఒకటి పత్తిపూల రంగు మీద పరిశోధన. ఖరీదైన రసాయనాలు దిగుమతి చేసుకునే రోజులు కావు, పొలంలో దొరికే పువ్వే ముడిసరుకు. ఫైనలియర్‌ ప్రాజెక్టు టాపిక్‌ కోసం నెట్‌లో వెతుకుతున్న కెమిస్ట్రీ, ఫార్మసీ వాళ్లు దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. 1942లో విశాఖ మీద జపాన్‌ బాంబులు పడ్డాక యూనివర్సిటీ గుంటూరుకు తరలింది. క్యాంపస్‌ సైన్యం చేతికి వెళ్లింది. యుద్ధం ముగిశాక గానీ తిరిగి రాలేదు. ఆ తరలింపులోనూ పరిశోధన ఆపలేదు వాళ్లు.

అప్లికేషన్‌ ఆలస్యమైంది... అయితే ఏం?

ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఈ నూరేళ్లలో అన్నిటికంటే దగ్గరగా అనిపించేది సి.ఆర్‌. రావు కథ. విశాఖలో చదువుకుని, ఏయూలో గణితంలో పీజీ ఫస్ట్‌ క్లాసులో పాసయ్యారు. అక్కడే రీసెర్చ్‌ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టారు. గడువు దాటాక చేరిందని తోసేశారు. సరే, సైన్యం సర్వే విభాగంలో గణితం తెలిసినవాళ్లు కావాలంటే కలకత్తాకు ఇంటర్వ్యూకి వెళ్లారు. అదీ రాలేదు. బస చేసిన హోటల్లో కలిసిన ఒక దక్షిణాది కుర్రాడు తాను ఇండియన్‌ స్టాటిస్టికల్‌ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ తీసుకుంటున్నానని చెప్పాడు. రావు వెళ్లి చూశారు, 1941లో చేరారు. నాలుగేళ్లకు, పాతికేళ్ల వయసులో, ఆయన ప్రచురించిన ఒక్క పేపర్లోని ఫలితాలు ఇవాళ స్టాటిస్టిక్స్‌ చదివే ప్రతి ఒక్కరి సిలబస్‌లో ఉన్నాయి. క్రామర్‌-రావు, రావు-బ్లాక్‌వెల్‌ అని డేటా సైన్స్‌ కోర్సుల్లో మీరు వింటున్నవి అవే. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్‌ బహుమతి ఇచ్చేనాటికి ఆయనకు నూట రెండేళ్లు. డేటా అనలిస్టు పోస్టుకి వెళ్తున్న ఏయూ విద్యార్థి ఈ పేరు ఎత్తకపోతే చేతిలో ఉన్న ముక్క వాడనట్టే.

ఇక పొగడ్త పక్కనపెట్టి మాట్లాడుకుందాం. నూరేళ్ల పేరు మీ క్యాంపస్‌ ప్లేస్‌మెంట్‌ని పెంచదు. రాష్ట్ర వర్సిటీల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి, ఆ లోటు క్లాసులో కూర్చునే మీకే బాగా తెలుసు. బోర్డు అడిగితే అదీ దాచక్కర్లేదు. ‘మా దగ్గర ఇది తక్కువ, దాన్ని నేను ఇలా పూడ్చుకున్నాను’ అని చెప్పగలిగితే చాలు.

ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఓ మధ్యాహ్నం మీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లండి. పాత థీసిస్‌లు ఉన్న బీరువా తెరిపించుకోండి. ఏయూ వాళ్లయితే వి.ఎస్‌. కృష్ణా లైబ్రరీ ఉండనే ఉంది. మీ సబ్జెక్టులో ముందువాళ్లు ఏం చేశారో చూసి, మీ ప్రాజెక్టుకి దగ్గరగా ఉన్న ఒక్క పనిని ఎంచుకోండి. దాన్ని మూడు వాక్యాల్లో చెప్పడం ఇంట్లో రెండుసార్లు పైకి చదివి ప్రాక్టీస్‌ చేయండి. ఆఫీసులో పూర్వ విద్యార్థుల జాబితా ఉంటే అదీ అడగండి. మీరు దరఖాస్తు పెట్టిన కంపెనీలో మీ సీనియర్‌ ఒకరు ఉన్నా, బయోడేటా పంపేటప్పుడు మొదటి లైన్లో డిపార్ట్‌మెంట్‌ పేరు, బ్యాచ్‌ రాయండి.