తనకు తానే తీర్పరి

గోల్ఫ్ మన ప్రాంతమునకు అంతగా అలవాటైన ఆట కాదు. నాయుడుపేట, గూడూరు, సూళ్ళూరుపేటలలో పిల్లలు క్రికెట్టు ఆడుదురు, కబడ్డీ ఆడుదురు, గోలీలాడుదురు. గోల్ఫ్ కర్రను చేతబట్టినవారు అరుదు. అయినను ఆ ఆటలో లోకప్రసిద్ధి గాంచిన తెలుగువారి బిడ్డ ఒకడు కలడు. అతని పేరు తీగల సాహిత్. అతని గెలుపోటములను గూర్చియు, ఆ గెలుపోటములకంటె విలువైన మరియొక సంగతిని గూర్చియు మన శ్రోతలకు నాలుగు మాటలు చెప్పదలచినాము.

ముందుగా ఆట సంగతి. గోలీలాటలో గోలీని గుంటలోనికి పంపుట అందరెరిగినదే. గోల్ఫ్‌కు మూలసూత్రము దాదాపు అంతియే. అయితే ఇచట గుంట నాలుగైదు వందల గజముల దూరమున ఉండవచ్చును. దాని వెడల్పు నాలుగుంపావు అంగుళములు మాత్రమే. నేలపైనున్న చిన్న బంతిని కర్రతో కొట్టుచు ఆ గుంటలో వేయవలెను. ఇట్టి గుంటలు మైదానమున 18 ఉండును. ఎవరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారిదే గెలుపు. ఒక్కొక్క గుంటకు ఇన్ని దెబ్బలు చాలునను ప్రమాణము కలదు. దానిని పార్ అందురు. పెద్ద పోటీలు నాలుగు దినములు, అనగా 72 గుంటలు సాగును. త్రోవలో చెట్లు, నీటి మడుగులు, ఇసుక గోతులు అడ్డముండును. ఈ ఇసుక గోతికే బంకరు అని పేరు.

ఈ ఆటకు మరియొక ప్రత్యేకత కలదు. క్రికెట్టులో ప్రతి బంతిని అంపైరు కనిపెట్టి చూచుచుండును. గోల్ఫ్ మైదానము నూరెకరములకు మించి యుండును. ఆటగాండ్రు అందులో నలుదెసల చెదరి యుందురు. ప్రతి ఆటగాని ప్రక్కన ఒక న్యాయనిర్ణేతను నిలుపుట సాధ్యము కాదు. కావున తాను చేసిన తప్పును తానే చెప్పి, దానికి తగిన దెబ్బలను తన లెక్కలో చేర్పించుకొనుట ఆటగాని ధర్మము. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అను మేటి ఆటగాడు, తన బంతి కదలినదని తానే చెప్పి ఒక దెబ్బ శిక్షను కోరి తెచ్చుకొన్నాడు. ఆ పోటీ సమముగా ముగిసి, విజేతను తేల్చుటకు జరిగిన ఆటలో అతడు ఓడిపోయినాడు. ఆ ఒక్క దెబ్బయే లేకున్నచో కప్పు ముందే అతనిదై యుండెడిది.

ఇక సాహిత్ జీవితము. అతని తల్లిదండ్రులు హైదరాబాదు నుండి వెళ్ళి అమెరికాలో స్థిరపడినవారు. అతడు 1997 డిసెంబరు 8న కాలిఫోర్నియాలో జన్మించినాడు. అచటి చీనో హిల్స్ పట్టణమున పెరిగినాడు. పసితనముననే ఈ ఆటపై మక్కువ గొన్నాడు. అతని వెన్నెముక కొంచెము ప్రక్కకు వంగి యున్నది. అందువలన అతడు కర్రను త్రిప్పు తీరు ఇతరుల తీరువలె ఉండదు. శరీరమును ఆటకు తగినట్లు మార్చుకొనుట సాధ్యము కానందున, ఆటనే తన శరీరమునకు తగినట్లు మలచుకొన్నాడనవచ్చును.

పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయమున చదువుచు ఆడుచుండగా మణికట్టు గాయమై, 2018-19 ఆటల ఏడు అతని చేజారినది. తరువాతి ఏట కోలుకొని, 2020లో అమెరికా కళాశాలల గోల్ఫ్ క్రీడాకారులకిచ్చు హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ పురస్కారములు మూడింటిని ఒక్కమారే అందుకొన్నాడు. ఆ ఏడే వృత్తి ఆటగాడైనాడు.

వృత్తిలో మొదటి పాఠములు చేదుగా నుండెను. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్సు పోటీ తుదిదినమున అగ్రస్థానముతో ఆట ఆరంభించినాడు. 17వ గుంట వద్ద కొట్టిన బంతి నేలను తాకి ప్రక్కకు ఎగిరి నీటిలో పడినది. ఒక్క దెబ్బ తేడాతో అవకాశము పోయినది. ఆ జూన్‌లో కనెక్టికట్ రాష్ట్రమున జరిగిన ట్రావెలర్స్ పోటీలో చివరి గుంటకు వచ్చునప్పటికి అందరికంటె ఒక దెబ్బ ముందున్నాడు. ఈసారి బంతి బంకరులో పడినది. దానిని వెలికి తీయుటకు రెండు దెబ్బలు పట్టినవి. గెలుపు షాఫ్లీ అను ఆటగానికి దక్కినది. గెలుపు గుమ్మమువరకు వచ్చి వెనుకకు మరలుట ఎంత కష్టమో పరీక్షలు వ్రాసిన పిల్లలకును, పంటను ఇంటికి తెచ్చు వేళ తుపాను చూచిన మన రైతులకును వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను సాహిత్ ఆగలేదు. 2023 ఏప్రిల్‌లో ప్రఖ్యాతమైన మాస్టర్స్ పోటీలో మొదటిసారి పాల్గొని తొమ్మిదవ స్థానమున నిలిచినాడు. ఆ సెప్టెంబరు 17న నాపా పట్టణమున జరిగిన ఫార్టినెట్ పోటీలో పార్ కంటె 21 దెబ్బలు తక్కువగా ఆడి, రెండు దెబ్బల తేడాతో గెలిచినాడు. పీజీఏ టూర్‌లో అతని మొదటి విజయమిది. తల్లిదండ్రులు మైదానమున నుండి దానిని కన్నులార చూచినారు.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయము దీని తరువాతిది. 2024 ఆగస్టు 31న అట్లాంటా నగరమున టూర్ ఛాంపియన్‌షిప్ మూడవ దినము. ఆ ఏటి ఉత్తమ ఆటగాండ్రు 30 మందికి మాత్రమే అందులో ప్రవేశము కలదు. మూడవ గుంట త్రోవలో సాహిత్ బంతి బంకరులో నిలిచినది. కొట్టుటకై కర్రను వెనుకకెత్తునప్పుడు కొన్ని ఇసుక రేణువులు కదలినట్లు అతనికి తోచినది. కొట్టుటకు ముందు కర్ర ఇసుకను తాకరాదనునది నియమము. ఏలనగా, స్వర్ణముఖి ఇసుకలో చేయి పెట్టినవారికి ఆ ఇసుక పొడిగా నున్నదో, తడిసి గట్టిపడినదో వెంటనే తెలియును గదా! బంకరులో ఆ తెలివిడిని ముందుగా సంపాదించుట తగదని ఈ నిషేధమేర్పడినది. దానికి శిక్ష రెండు దెబ్బలు. సాహిత్ ఆ సంగతిని తానే తోటి ఆటగానికిని, నిర్వాహకులకును తెలిపినాడు. రెండు దెబ్బలు అతని లెక్కలో చేరినవి.

పోటీ ముగిసినప్పుడు అతడు పార్ కంటె 24 తక్కువతో మూడవ స్థానమున నిలిచినాడు. రెండవవాడైన మొరికావా లెక్క 26 తక్కువ. రెండవ బహుమతి కోటి ఇరువదియైదు లక్షల డాలర్లు. మూడవది డెబ్బదియైదు లక్షలు. ఆ రెండు దెబ్బలు చేరకున్నచో ఇద్దరును సమముగా నిలిచి, రెండు బహుమతుల మొత్తమును చెరిసగము పంచుకొని యుండెడివారు. అనగా సాహిత్ మాటకు వెల 25 లక్షల డాలర్లు. నాటి మారకమున 20 కోట్ల రూపాయలకు పైమాట.

ఆ సెప్టెంబరుననే ప్రెసిడెంట్స్ కప్పు గెలిచిన అమెరికా జట్టులో అతడును ఆడినాడు. 2025లో మెడ గాయము వలన కొంతకాలము ఆటకు దూరమైనాడు. ఆటగాని జీవితమున ఎత్తుపల్లములు సహజము.

మన ఇండ్లలో పిల్లలు ఆటలో గెలిచి వచ్చినప్పుడు ఎన్ని మార్కులు, ఏ కప్పు అని అడుగుదుము. ఎట్లు గెలిచితివని అడుగుట తక్కువ. ఆనాటి పోటీ పట్టికను ఇప్పుడు తెరచి చూచినను సాహిత్ పేరు మూడవ వరుసలోనే యుండును. మూడవ గుంటకు ఎదురుగా నున్న అంకెలో ఆ రెండు దెబ్బలు కలిసిపోయి యున్నవి. వానిని చేర్పించినది మరెవరో కాదు, ఆడినవాడే యని ఆ పట్టిక చెప్పదు. అందుకే మేము చెప్పినాము.