పిల్లికూనకు ఒక్క టీకా చాలదు

ఇంట్లో పిల్లికూనను పెంచుతున్నారా? అయితే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు గురించి తెలుసుకోండి. పేరు నోరు తిరగదు గానీ, తెల్లరక్తకణాలు పడిపోవడమని అర్థం. ఒంట్లో చేరిన శత్రువును పసిగట్టేవి ఆ కణాలే కదా! వాంతులు, విరేచనాలతో కూన రెండు మూడు రోజుల్లోనే పోవచ్చు.

పుట్టిన రోజు తాగే ముర్రుపాలతో తల్లి యాంటీబాడీలు కూనకు వస్తాయి (తల్లికి ఉంటేనే సుమా!). అవి వైరస్‌ను పట్టుకుని కణాల్లోకి పోనివ్వవు. చిక్కేమిటంటే, టీకాలోని నీరసపరచిన వైరస్‌నూ అవే పట్టేస్తాయి. దాంతో కూన ఒళ్లు స్వయంగా దాన్ని గుర్తుపట్టడం నేర్చుకోదు. ఈ అరువు రక్షణ ఎప్పుడు తగ్గేదీ ఒక్కో కూనకు ఒక్కోలా ఉంటుంది. అందుకే 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, కనీసం 16 వారాలు నిండేదాకా 3-4 వారాలకోసారి టీకా వేయించాలి. "ఒకటి వేయించాంగా" అని ఊరుకోకండి. మన చెప్పులకంటుకునైనా గడప దాటి వచ్చే వైరస్ ఇది.