ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకి ఆఖరి మెడల్ తెచ్చిన కెప్టెన్ మన హైదరాబాదీ డిఫెండర్ | ఎపిసోడ్ పూర్తి పాఠం

వీరులపాడు నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేశాను. పోయిన వీడియో కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు: "అన్నా, ఐస్ హాకీలో డిఫెన్స్‌మన్ అని ఒకడుంటాడంట, వాడి పనేంటి, రిటైరయ్యాక వాడి బతుకేంటి?" అని. మన దగ్గర ఐస్ అంటే సోడా బండి మీద గోనెసంచిలో చుట్టిపెట్టిన గడ్డే కదా, దాని మీద ఆటలాడటం మనకెక్కడ కుదురుతుంది! కానీ ప్రశ్న మాత్రం మంచిది. ఆ తమ్ముడికి జవాబు చెబుతూనే, మన వాళ్ళలో ఒక పెద్ద డిఫెండర్ సంగతి కూడా చెబుతాను. ఆయన పేరు మీలో చాలామంది విని ఉండరు.

ముందు ఐస్ హాకీ. గోల్‌కీపర్ని పక్కన పెడితే ఒక్కో జట్టుకి ఐదుగురు ఆడతారు, అందులో ఇద్దరు డిఫెన్స్‌మన్‌లు. అవతలి వాళ్ళు దూసుకొస్తుంటే అడ్డుపడటం, గోడకేసి నొక్కి పట్టడం, కొట్టిన షాట్‌కి ఒళ్ళు అడ్డం పెట్టడం వీళ్ళ పని. నాకు నచ్చిందేంటంటే, అక్కడ దీనికో లెక్క ఉంది. ప్లస్-మైనస్ అంటారు. నువ్వు మంచు మీద ఉన్నప్పుడు మీ జట్టు గోల్ కొడితే నీకు ప్లస్ ఒకటి, మీరు గోల్ తింటే మైనస్ ఒకటి. కొన్ని మినహాయింపులు ఉన్నాయిలెండి, అవి వదిలేద్దాం. కెనడాకి చెందిన బాబీ ఓర్ అనే డిఫెన్స్‌మన్ బోస్టన్ బ్రూయిన్స్ తరఫున 1970-71 సీజన్‌లో ఈ లెక్కలో ప్లస్ 124 సాధించాడు. ఇవాళ్టికీ ఎవరూ దాటలేదు. మోకాళ్ళు పాడైపోయి 1978లో, అంటే 30 ఏళ్ళకే ఆట మానేశాడు. అయినా ఆ అంకె ఉంది, చూసినవాడు "అబ్బో" అనుకోవడానికి.

సరిగ్గా ఆ సీజన్‌లోనే, 1970 డిసెంబర్‌లో, బ్యాంకాక్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. అక్కడ ఇండియా ఫుట్‌బాల్ జట్టు కాంస్యం గెలిచింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ గారు. 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. ఆడింది డిఫెన్స్‌లో, గోల్‌కి ఎదురుగా నడిమధ్యన. అప్పట్లో ఆ స్థానాన్ని స్టాపర్ అనేవాళ్ళు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి ఇంకో మెడల్ రాలేదు. యాభై ఏళ్ళు దాటిపోయింది. మరి ఆయనకి ఏ అంకె ఉంది? ఆ టోర్నమెంట్‌లో ఆయన ఎన్ని బంతులు ఆపారు, ఎంతమందిని వెనక్కి తిప్పి పంపారు? మన దగ్గర అలాంటి లెక్క రాసే అలవాటే లేదు.

కాంస్యం కోసం జరిగిన మ్యాచ్ చూడండి. సెమీఫైనల్‌లో బర్మా చేతిలో ఓడిపోయి, మూడో స్థానానికి జపాన్‌తో ఆడాం. జపాన్ అంటే అప్పట్లో మామూలు జట్టు కాదు. రెండేళ్ళ ముందే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశం. అలాంటి వాళ్ళ మీద మనం 1-0తో గెలిచాం. ఇలాంటి స్కోరు చూడగానే మనం అడిగేది ఒక్కటే, గోల్ ఎవరు కొట్టారు అని. పక్కనున్న సున్నా ఎవరిదో అడగం. ఒక్క గోల్ ఆధిక్యంతో ఆట ముగిసేదాకా నిలబడాలంటే వెనకున్న నలుగురికీ గోల్‌కీపర్‌కీ ప్రాణం గొంతులోకొస్తుంది. నన్నడిగితే ఆ మెడల్‌లో సగం బరువు ఆ సున్నాదే.

ఇప్పుడు ఒక డౌట్ వస్తుంది. హైదరాబాద్‌లో అంత ఫుట్‌బాల్ ఎక్కడిది అని. అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకి రహీం సాబ్ తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీం, స్కూలు మాస్టారు. 1950 నుంచి చనిపోయేదాకా, అంటే 1963 దాకా, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తయారుచేసింది ఆయనే. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చింది. మామూలుగా ఏ కాలితో తన్నుతారో ఆ కాలు వాడకుండా, చేతగాని కాలితోనే ఆడాలి అని రహీం సాబ్ టోర్నమెంట్లు పెట్టేవారట. వినడానికి నవ్వొస్తుంది కానీ డిఫెండర్‌కి అంతకంటే పనికొచ్చే ట్రైనింగ్ లేదు. ఎందుకంటే బంతి ఎటునుంచి రావాలో నిర్ణయించేది అవతలివాడు, నువ్వు కాదు. నీకు కుడికాలే వచ్చు అని తెలిస్తే రోజంతా ఎడమవైపే వస్తాడు. నయీముద్దీన్ గారు ఎదిగింది ఈ హైదరాబాద్ మైదానాల్లోనే.

మరి తిండి సంగతి? తమ్ముడు అడిగింది అదే కదా. ఆ రోజుల్లో ఇండియాలో ఫుట్‌బాలర్లంతా కాగితం మీద అమెచ్యూర్లే. జీతం అంటే పోలీసు ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో. పొద్దున్న ప్రాక్టీసు, తర్వాత డ్యూటీ. ఇంకా పెద్ద ఆట, ఇంకాస్త డబ్బు కావాలంటే కలకత్తా రైలెక్కాల్సిందే. నయీముద్దీన్ గారు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మదన్ స్పోర్టింగ్, అక్కడి మూడు పెద్ద క్లబ్బులకీ ఆడారు. అదంత తేలిక కాదండోయ్. ఈస్ట్ బెంగాల్ వాళ్ళకీ మోహన్ బగాన్ వాళ్ళకీ మధ్య వైరం ఎలాంటిదంటే, ఇక్కడ నిన్నటిదాకా దండలేసినవాళ్ళే రేపు తిడతారు. ఏటా సీజన్ ముందు ఆటగాళ్ళు ఆఫీసుకెళ్ళి ఏ క్లబ్బుకి ఆడతారో సంతకం పెట్టాలి. సంతకం అయ్యేదాకా అవతలి క్లబ్బు ఎగరేసుకుపోకుండా మంచి ఆటగాళ్ళని ఎక్కడో ఇళ్ళల్లో దాచిపెట్టేవాళ్ళు. మన దగ్గర ఎంపీపీ ఎన్నికలప్పుడు ఎంపీటీసీలని క్యాంపుకి తీసుకెళ్తారు చూడండి, అచ్చం అలాగే!

ఆ 1970 జట్టులోనే మహమ్మద్ హబీబ్ కూడా ఉన్నారు. ఆయనా హైదరాబాదే, కాకపోతే ముందుండి ఆడే మనిషి. 1977లో పీలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టింది ఈయనే. మ్యాచ్ 2-2తో డ్రా అయింది. ఆ ఒక్క గోల్ చాలు, హబీబ్ పేరు కలకత్తాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను హబీబ్ గారిని తక్కువ చెయ్యట్లేదు, గొప్ప ఆటగాడు. కానీ చూడండి, ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే మెడల్. కథగా చెప్పుకోవడానికి గోల్ కావాలి. ఆగిపోయిన గోల్‌కి కథ ఉండదు, అది జరగలేదు కాబట్టి.

ఆట అయ్యాక నయీముద్దీన్ గారు కోచ్ అయ్యారు. ఇక్కడ మాత్రం లెక్కలు దొరుకుతాయి. 1990లో ఈస్ట్ బెంగాల్ ఆయన చేతికింద ఒకే ఏడాది డ్యురాండ్ కప్, రోవర్స్ కప్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడూ గెలిచింది. ఆ ఏడాదికే ద్రోణాచార్య అవార్డు. ఇండియా జట్టుకి కోచ్‌గా 1997లో కాఠ్మండులో, 2005లో కరాచీలో దక్షిణాసియా ఛాంపియన్‌షిప్ గెలిపించారు. బంగ్లాదేశ్ జాతీయ జట్టుకి కూడా కోచ్‌గా పనిచేశారు. క్రమశిక్షణ దగ్గర చాలా గట్టి మనిషని పేరు. కుర్రాళ్ళకి భయం కూడా ఉండేదట. డిఫెండర్లు కోచ్‌లు అయితే అలాగే ఉంటారేమో అనిపిస్తుంది నాకు. వెనక నిలబడి ఆడేవాడికి ముందున్న పదిమంది తప్పులూ కళ్ళముందే కనబడుతుంటాయి కదా, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది!

ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వద్దాం. ఈ వీడియో చేసింది అసలు దీనికోసమే. నందిగామ, జగ్గయ్యపేట వైపు సంక్రాంతికి కబడ్డీ పెడితే మన ఫోన్లలో ఏం ఉంటుంది? రైడర్ కూతకెళ్ళి ఇద్దర్ని తాకి లైన్‌కి దూకినవే. వాటికే మ్యూజిక్ పెట్టి రీల్స్ చేస్తాం. కార్నర్‌లో చీలమండ పట్టేసే కుర్రాడిని తీసేవాడుండడు. తీసినా అతను కనిపించేది రెండు సెకన్లు, ఆ తర్వాత అంతా గుట్టగా పడిపోతారు. ఇప్పుడు సెలెక్షన్లకి వెళ్ళేముందే "వీడియో ఉందా తమ్ముడూ" అని అడుగుతున్నారు. రైడర్ వంద క్లిప్పులు చూపిస్తాడు. డిఫెండర్ ఏం చూపించాలి? ప్రో కబడ్డీలో టాకిల్ పాయింట్లు విడిగా రాస్తారు కాబట్టే అక్కడ డిఫెండర్లకి వేలంలో రేటు పలుకుతోంది. మన పల్లెటూరి స్కోరు పుస్తకంలో జట్టు మొత్తం ఒక్కటే రాస్తారు, ఎవరు పట్టారో ఉండదు.

అందుకని స్కోరు రాసే తమ్ముళ్ళకి ఒక చిన్న పని చెబుతున్నా. జట్టు పేరు పక్కన ఇంకో గడి గీయండి. పట్టినవాడి పేరు, ఎన్నో నిమిషం, అంతే. ఫోన్ పట్టుకున్న చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఎవరైనా ఒక మ్యాచ్ మొత్తం డిఫెన్స్ మూల నుంచే తియ్యండి, నాకు పంపండి, మన ఛానల్‌లో పెడతాను. ఎడిటింగ్ నేను చూసుకుంటాను, మీరు ఫోన్ అడ్డంగా పెట్టి తీస్తే చాలు.

హబీబ్ గారి మీద వేరే ఎపిసోడ్ చేయమని అడుగుతారని తెలుసు, చేస్తాను. పీలే మ్యాచ్ సంగతి అందులో వివరంగా మాట్లాడుకుందాం. ఉంటాను మరి.