విజయ: మందు ఎప్పుడు, విషం ఎప్పుడు?

ఆయుర్వేదంలో గంజాయి మొక్కకు ‘విజయ’ అని పేరు. మన ప్రాంతపు మొక్క పొడవుగా, సన్నని ఆకులతో ఎదుగుతుంది. ఆఫ్ఘనిస్థాన్ హిందూకుష్ కొండల జాతి పొట్టిగా, గుబురుగా, వెడల్పాటి ఆకులతో ఉండి, చలి ముదరకముందే పూస్తుంది. మత్తు ప్రధానంగా పూగుత్తుల జిగురులో ఉంటుంది.

ఉపవిషమైన విజయను శుద్ధి చేసిన పిదపనే జాతీఫలాది చూర్ణం వంటి యోగాలలో చేర్చుతారు. పసరు వైద్యంపై నమ్మకమున్న ములుగు ప్రాంత గృహస్థులు ఇది గమనించవలెను: నిద్ర పట్టదని పచ్చి ఆకు నూరి త్రాగిన గుండెదడ, మతిభ్రమ కలుగవచ్చును. పెరటిలో పెంచుట 1985 నాటి చట్టం ప్రకారం నేరం. పదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. నిద్రలేమికి వైద్యుని సంప్రదించుటయే క్షేమం.