జ్వరం లేకున్నా చూపించాల్సిన వయసు

బోరబండ నుంచి పొద్దున్నే మాదాపూర్, హైటెక్ సిటీ అపార్ట్‌మెంట్లకు పనికి వెళ్లే తల్లులు చాలామంది. పిల్లలు నానమ్మ దగ్గరో, గల్లీలోని ప్లేస్కూల్లోనో ఉంటారు. ఏడాదిన్నర టీకా వేయించాక మళ్లీ అయిదేళ్ల టీకా దాకా ఆ బిడ్డను డాక్టరు చూసేది జ్వరమో విరేచనాలో పట్టుకుంటేనే. లోపం ఉంటే సరిదిద్దడానికి బాగా వీలుండే కాలం కూడా ఇదే. కొన్ని నమ్మకాల వల్ల అది చేజారిపోతోంది.

"వాళ్ల నాయనకు గూడ మాటలు లేటుగనే వచ్చినయ్."

రెండేళ్లకు "అమ్మా, నీళ్లు" అంటూ రెండు మాటలు కలపాలి. మూడేళ్లకు చిన్న వాక్యాలు రావాలి. రాలేదంటే ముందు చెవులు పరీక్ష చేయించాలి. వెనక నుంచి పళ్లెం మోగిస్తే తిరిగి చూశాడు కాబట్టి వినికిడి ఉన్నట్టేనని ఇంట్లోనే తేల్చేస్తారు. పెద్ద చప్పుళ్లు వినబడుతూ మాటల్లోని సన్నని ధ్వనులు అందని పిల్లలుంటారు. తరచూ చెవి కారే పిల్లల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. అసలు సంగతి ఆడియాలజిస్టు చేసే పరీక్షలోనే తెలుస్తుంది. పేరు పెట్టి పిలిచినా పలక్కపోతే, కావలసినదాన్ని వేలితో చూపించకపోతే ఆటిజం ఉందేమో కూడా చూడాలి. ఫోన్లో విన్న రైమ్స్ గడగడా అప్పజెప్పే పిల్లాడు దాహమైతే అడగలేకపోతున్నాడంటే, వాడికి మాటలు వచ్చినట్టు కాదు.

వస నాకిస్తే మాటలొస్తాయనడానికి ఆధారం లేదు. ఆ ఎదురుచూపులో పోయిన నెలలు మాత్రం తిరిగి రావు. ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ వినడం వల్లే మాట ఆగిందనడం కూడా తప్పు. రెండు భాషల్లో బిడ్డకు వచ్చిన మాటలన్నీ కలిపి లెక్కపెట్టాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం, వినికిడి లోపాల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. మన నగరంలోనే ఉన్న ఈ వసతి సంగతి తెలియక ఏ బిడ్డా నష్టపోకూడదు.

"మెల్లకన్ను అదృష్టం."

అదృష్టం కాదు, చికిత్స కావాల్సిన లోపం. పక్కకు తిరిగిన కన్ను పంపే బొమ్మను మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. ఏడెనిమిదేళ్లు దాటాక ఆ చూపును తిరిగి తెచ్చుకోవడం కష్టం. మెల్ల లేకపోయినా ఒక కంట్లో చూపు తక్కువ కావచ్చు. రెండో కంటితో నెట్టుకొస్తుంటాడు కాబట్టి టీవీ చూస్తున్నాడన్న భరోసా చాలదు. ఒక్కో కన్ను మూసి చూపు పరీక్షించాలి. కనుపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి బోరబండకు దూరమేమీ కాదు, పేదలకు అక్కడ ఉచితంగా చూస్తారు.

"బలపాలు తింటున్నడంటే కాల్షియం తక్కువైందన్నట్టు."

చాలాసార్లు తక్కువైంది ఇనుము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. పొద్దున చాయ్‌లో బన్ను ముంచి పెట్టే అలవాటు దీనికి తోడవుతుంది. చాయ్ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, డాక్టరు చెప్పినట్టు ఐరన్ సిరప్ వాడాలి.

"పాలపళ్లే కదా, ఊడిపోతయ్."

దవడపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అవి పుచ్చి నొప్పెడితే బిడ్డ అన్నం ఎట్లా నములుతాడు?

"బరువు తూస్తే దిష్టి తగులుతది."

ఒకసారి తూచిన బరువు కన్నా నెలనెలా పెరుగుతోందా లేదా అన్నది ముఖ్యం. చార్టులో గీత పెరగకుండా ఆగితే, బిడ్డ చిక్కినట్టు కంటికి కనబడకముందే సంగతి తెలుస్తుంది.

"మా పాప ప్రైవేటు ప్లేస్కూల్‌కు పోతది, అంగన్వాడీతో మాకేం పని?"

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్వాడీకి వచ్చి పుట్టుక లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం చూడాలి. ప్లేస్కూల్‌కు ఈ బృందం వెళ్లదు. ఫీజు కట్టి చదివిస్తున్న బిడ్డే ఉచిత పరీక్షకు దూరమవుతోంది. ఆరేళ్లలోపు ఏ బిడ్డకైనా అంగన్వాడీ సేవలు అందాలి. బృందం వచ్చే తేదీ టీచరమ్మను అడిగి, ఆ పూట పనికి సెలవు పెట్టయినా పాపను తీసుకెళ్లాలి.