స్పార్క్ జాడ పట్టే వరుస

1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో తయారైన ఎమ్‌జీబీ స్పోర్ట్స్ కారు పొద్దున్నే స్టార్ట్ కాకుండా మొరాయించినా, దారిలో మిస్సింగ్ కొట్టినా, యజమాని చెయ్యి ముందుగా వెళ్లేది కార్బ్యురేటర్ స్క్రూల మీదికే. అవి పైకే కనిపిస్తాయి, తిప్పినకొద్దీ ఇంజన్ శబ్దం మారి ఏదో మరమ్మతు జరుగుతోందన్న భ్రమ కలుగుతుంది. కానీ ఆ తరం బ్రిటిష్ కార్లలో కార్బ్యురేటర్‌కు అంటగట్టే లోపాల్లో చాలావాటి మూలం ఇగ్నిషన్ వ్యవస్థలో, అంటే సిలిండర్‌లో చేరిన పెట్రోలు, గాలి మిశ్రమాన్ని అంటించే విద్యుత్ స్పార్క్‌ను పుట్టించే భాగాల్లో ఉంటుంది. ఆ భాగాలను సరఫరా చేసిన బర్మింగ్‌హామ్‌ లూకాస్ సంస్థ మీద బ్రిటన్‌లో పుట్టిన హాస్యోక్తులకు లెక్కలేదు గాని, వాటిలో న్యాయం పాలు తక్కువే. తుప్పు పట్టిన వైర్లకూ, వరుస తప్పిన మరమ్మతులకూ దక్కాల్సిన నింద చాలావరకు తయారీదారు నెత్తిన పడింది.

ఈ వ్యవస్థ పనితీరు అర్థమైతే లోపాన్ని వెతికే మార్గం కూడా దానంతటదే తెలుస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు ఇగ్నిషన్ స్విచ్ దాటి, కాయిల్ అనే డబ్బాలోని లావు తీగచుట్టలోకి ప్రవేశించి, అక్కడి నుంచి స్పార్క్‌ను ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల (కలిసి విడిపోయే రెండు లోహపు కొసల) ద్వారా ఎర్త్‌కు, అంటే కారు లోహపు బాడీకి, చేరుతుంది. ఇంజన్‌తో పాటు తిరిగే క్యామ్ ఆ పాయింట్లను విడదీసిన క్షణాన కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం కూలిపోవడంతో, లోపలి సన్న తీగచుట్టలో వేల వోల్టుల కరెంటు పుట్టి, తిరిగే రోటర్ మీదుగా, డిస్ట్రిబ్యూటర్ మూత ద్వారా ఒక్కో ప్లగ్గుకూ వంతులవారీగా అందుతుంది. పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్యే నిప్పు రేగకుండా ఆ కరెంటును తనలోకి తీసుకునే చిన్న లోహపు గొట్టమే కండెన్సర్. అంటే ఇక్కడ తక్కువ వోల్టేజి దారి ఒకటి, ఎక్కువ వోల్టేజి దారి ఒకటి ఉన్నాయి. లోపం ఈ రెంటిలో ఎందులో ఉందో తేల్చుకోకుండా విడిభాగాలు మార్చడం డబ్బు దండగ.

ఆ తేల్చే పనిలో లోపం కనబడే తీరే మొదటి సాక్ష్యం. పెట్రోలు అందని ఇంజన్ సాధారణంగా దగ్గుతూ, తడబడుతూ నెమ్మదిగా ఆగుతుంది. ఇగ్నిషన్ తెగిన ఇంజన్ మీట నొక్కినట్లు టక్కున ఆగుతుంది. ఎమ్‌జీబీలోని విద్యుత్ టాకోమీటర్, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే మీటరు, తన సంకేతాన్ని తక్కువ వోల్టేజి దారి నుంచే తీసుకుంటుంది కనుక, కారు ఇంకా గేరులో దొర్లుతుండగానే దాని ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే వెతకాల్సింది స్విచ్‌కూ పాయింట్లకూ మధ్యనే.

ఆ భాగాన్ని పరీక్షించడానికి చిన్న టెస్ట్ ల్యాంపు చాలు. దాని ఒక వైరును ఎర్త్‌కూ, రెండోదాన్ని కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే కొసకూ తగిలించి, ఇగ్నిషన్ వేసి ఇంజన్ తిప్పితే పాయింట్లు విడిపోయినప్పుడు బల్బు వెలగాలి, కలిసినప్పుడు ఆరాలి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్ల మీద మసి, నూనె పేరుకున్నాయనో, వాటికి ఎర్త్ అందడం లేదనో అర్థం. అసలు వెలగకపోతే కాయిల్‌కు కరెంటే రాకపోయి ఉండాలి, లేదా కాయిల్ తీగ తెగి ఉండాలి, లేదా పాయింట్ల వైపు వైరు ఎక్కడో ఎర్త్‌ను తాకుతూ ఉండాలి. ఈ చివరి తప్పు కొత్త పాయింట్లు బిగించిన రోజునే ఎక్కువగా జరుగుతుంది. లూకాస్ 25డీ4 రకం డిస్ట్రిబ్యూటర్‌లో కండెన్సర్ వైరు, కాయిల్ వైరు రెండూ పాయింట్ల స్ప్రింగును తాకుతూ, మధ్యనున్న మేకును మాత్రం తాకకుండా, టోపీ ఆకారపు చిన్న ప్లాస్టిక్ బిళ్ల మీద కూర్చోవాలి. ఆ బిళ్లను వరుస తప్పించి పెడితే పాయింట్లు ఎప్పుడూ కలిసి ఉన్నట్లే లెక్క, స్పార్క్ పుట్టదు. అదే డిస్ట్రిబ్యూటర్ లోపలి చిన్న వైర్లు పాయింట్లను మోసే పలక కదలికకు వంగి వంగి, పైతొడుగు చెక్కుచెదరకపోయినా లోపల తెగిపోవడం మరింత మోసపూరితమైన లోపం.

తక్కువ వోల్టేజి దారి సక్రమంగా ఉందని తేలాక, కాయిల్ నడుమ నుంచి వచ్చే లావు వైరును మూత నుంచి ఊడదీసి, ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో దాని కొసను ఇంజన్ లోహానికి 5 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని ఇంజన్ తిప్పితే, గట్టి నీలి స్పార్క్ చిటపటలాడుతూ దూకాలి. పసుపురంగు బలహీనమైన స్పార్క్ వస్తే అనుమానం ముందు కండెన్సర్ మీదికే పోవాలి. ఇక్కడ మంచి స్పార్క్ ఉండి ప్లగ్గుల దగ్గర లేకపోతే దోషి రోటరో, మూతో. అదే వైరును రోటర్ నడుమనున్న ఇత్తడి రేకుకు కొద్దిపాటి ఎడంతో పట్టుకున్నప్పుడు స్పార్క్ రేకు మీదికి పదే పదే దూకితే, రోటర్ లోపలి నుంచి కరెంటు కింది షాఫ్టుకు కారిపోతోందన్నమాట. రివెట్టుతో బిగించిన చవక రకం కొత్త రోటర్లు ఈ విషయంలో పేరుమోసినవి కాబట్టి, కొత్తదన్న కారణంతో ఏ భాగాన్నీ నిర్దోషిగా వదిలేయరాదు. ఇక మూత విషయానికొస్తే, 1959లో వచ్చిన మినీ కారులో డిస్ట్రిబ్యూటర్ ముందు జాలీ వెనకే ఉండటంతో వానలో మూత తడిసి ఇంజన్ ఆగిపోయేది. అక్కడ పొడిగుడ్డే సగం వైద్యం.

పూర్తిగా ఆగని, నడిచినా బలం లేని ఇంజన్ విషయంలో కొలతలు ముఖ్యం. ఎమ్‌జీబీకి పాయింట్ల ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల దాకా ఉండాలి, స్పార్క్ అందే వరుస 1-3-4-2. పాత మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి మన అంబాసిడర్‌కు సంక్రమించిన 1489 సీసీ ఇంజన్ కూడా ఇదే బీ-సిరీస్ కుటుంబానిది కనుక, తెలుగు నేల మీద ఆ కారుతో తలపండిన మెకానిక్కులకు ఫీలర్ గేజ్‌తో ఎడం కొలిచే ఈ పని కొత్తేమీ కాదు. పాయింట్ల ఎడం పెరిగితే అవి ముందుగా విడిపోయి టైమింగ్, అంటే స్పార్క్ పుట్టే క్షణం, కూడా ముందుకు జరుగుతుంది కాబట్టి, ఎడం సరిచేశాకే టైమింగ్ చూడాలి. స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే స్ట్రోబ్ లైటు వెలుగులో టైమింగ్ గుర్తు ఒకచోట నిలవకుండా ఊగిసలాడితే డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు బుష్‌లు అరిగిపోయాయని గ్రహించాలి, అప్పుడు పాయింట్లు ఎన్నిసార్లు సర్దినా ఫలితం ఉండదు, డిస్ట్రిబ్యూటర్‌నే విప్పి బుష్‌లు మార్పించాలి.